చుట్టుదారిన కళాశాలకు

మన వార్షిక సంచికలో ఆరోగ్యాన్ని గురించిన వ్యాసం లేని సంవత్సరం అరుదు. ఆరోగ్యమే మహాభాగ్యమనిన్నీ, ప్రతిదినం కొంత వ్యాయామం చేయవలెననిన్నీ ఎవరో ఒకరు వ్రాస్తారు. మిగిలినవారం చదివి తల ఊపుతాము. మరునాడు యథాప్రకారం మోటారు సైకిలెక్కి కళాశాలకు వస్తాము. అటువంటి వ్యాసాలు వ్రాసినవారిలో మేమూ ఉన్నాము గనుక ఈ మాట ధైర్యంగా అనగలుగుతున్నాము. ఆ ఉపదేశాలలో దోషం లేదు. వ్యాయామం చేయుమన్నవారు ఏ వేళకు చేయవలెనో చెప్పకపోవుటలోనే దోషమంతా ఉన్నది. సంసారం, ఉద్యోగం, పిల్లల చదువులు, బంధువుల పెండ్లిండ్లు అన్నీ పోగా దినంలో మిగిలే సమయమెంత? ఆ మిగిలిన కొద్దిపాటి సమయంలో శరీరంలో మిగిలే ఓపిక ఎంత?

మేము ఈ కళాశాలలో పనిచేసే నలుగురం. ఇద్దరం పాఠాలు చెప్పేవారం, ఒకరు గ్రంథాలయంలో, ఒకరు కార్యాలయంలో. నలుగురి నివాసాలూ టోలిచౌకి, గోల్కొండ ప్రాంతాలలోనే. నలుగురిలో ఇద్దరికి మధుమేహం. వైద్యుల మాట మన్నించి, ఐదేండ్ల క్రిందట మేము తలా ఒక సైకిలు సమకూర్చుకొన్నాము. ప్రతి ఆదివారం గండిపేట దాకా వెళ్ళి రావలెనని ప్రతిజ్ఞ చేసికొన్నాము. 1920లో పూర్తయిన ఉస్మాన్‌సాగర్ కట్ట మీద సూర్యోదయం చూడవలెననే ఉత్సాహం కూడా అందుకు తోడైనది. ఆ సంవత్సరంలో మేము నలుగురం కలిసి ఆ సూర్యోదయాన్ని చూసినది ఆరుసార్లు. తక్కిన ఆదివారాలను వలీమా విందులు, గ్యాసు సిలిండర్లు, వానలు, అతిథులు, పరీక్ష పత్రాలు పంచుకొన్నవి. ప్రతిజ్ఞలో లోపమేమీ లేదు. ఆదివారం మన చేతిలో ఉంటుందనుకొన్న ఊహలోనే లోపమున్నది.

అయితే మన చేతిలో లేకపోయినా తప్పక జరిగే ప్రయాణం ఒకటున్నది. అది ఉద్యోగానికి పోవుట. విందు ఉన్నా లేకున్నా, తలనొప్పి ఉన్నా లేకున్నా, తొమ్మిదిన్నరకు హాజరు పట్టీలో సంతకం పడవలసినదే. మరి వ్యాయామానికి వేరుగా వేళ వెతకనేల, ఈ తప్పనిసరి ప్రయాణాన్నే కొంత పొడిగించుకొంటే పోలేదా? ఈ ఆలోచన మాలో గ్రంథాలయం వారిది. పుస్తకాలు సర్దేవారికి ఉన్న అరలోనే మరొక పుస్తకం పట్టించే నేర్పు ఉంటుంది కాబోలు.

లెక్క చూడండి. లంగర్‌హౌజ్, కార్వాన్, పురానాపూల్ మీదుగా, చార్మినార్ పరిసరాలలో ఉన్న మన కళాశాలకు మా ఇండ్లనుండి సుమారు 9 కిలోమీటర్లు. గంటకు 15 కిలోమీటర్ల చొప్పున తొక్కితే 36 నిమిషాలు. తొమ్మిది గంటల రద్దీలో మోటారు సైకిలుకు పట్టే కాలం కూడా ఇంచుమించు అంతే. అత్తాపూర్, ఆరాంఘర్, బహదూర్‌పురాల మీదుగా చుట్టు తిరిగి వస్తే దాదాపు 19 కిలోమీటర్లు, అంటే 76 నిమిషాలు. కూడళ్ళలో ఆగుట, దారిలో టీ త్రాగుట కలుపుకొంటే గంటన్నర. ఇందులో తిరకాసు గమనించవలెను. 19 కిలోమీటర్లు ఆదివారం తొక్కదలచుకొంటే ఆ 76 నిమిషాలూ కొత్తగా సంపాదించుకోవలసినవే. ఉద్యోగపు దారిలో తొక్కితే అందులో 36 నిమిషాలు ఎటూ ఖర్చు కావలసినవే. కొత్తగా చెల్లించవలసినది 40 నిమిషాలు మాత్రమే. వయోజనులు వారానికి 150 నుండి 300 నిమిషాలు ఒక మోస్తరు శ్రమ చేయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించినది. మంగళ, గురువారాలలో రెండు ఉదయాలు చుట్టుదారిన వస్తే 152 నిమిషాలైనవి. ఆదివారం నాడు విందుకు నిశ్చింతగా వెళ్ళవచ్చు.

ఉద్యోగానికి సైకిలు మీద పోయేవారిని గురించి 2017లో గ్లాస్గో విశ్వవిద్యాలయ పరిశోధకులు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక పరిశీలన ప్రచురించినారు. బ్రిటన్‌లో రెండు లక్షల అరవై వేలకు పైగా మందిని ఏండ్ల తరబడి గమనించి చూడగా, శ్రమ లేకుండా ప్రయాణం చేసేవారికన్న సైకిలు తొక్కేవారిలో మరణ ప్రమాదం నూటికి 41 వంతులు తక్కువగా కనిపించినదట. మేము దీనిని పట్టుకొని ఊరేగదలచుకోలేదు. సైకిలు తొక్కేవారు ముందునుంచే దిట్టమైనవారై ఉండవచ్చు. పైగా అక్కడి గాలి వేరు, అఫ్జల్‌గంజ్ గాలి వేరు. మా సొంత అనుభవం మాత్రం చెప్పుకొనవచ్చును. మధుమేహం ఉన్న ఇద్దరిలో ఒకరికి రక్తంలో చక్కెర అదుపులోకి వచ్చినది, రెండవవారికి రాలేదు. రానివారు బిర్యానీ మానలేదన్న నిజాన్ని వారి అనుమతితోనే ఇక్కడ వ్రాస్తున్నాము.

ఇక ఆ దారిని గురించి చెప్పవలెను. మేము ఉదయం ఆరుంబావుకు బయలుదేరుతాము. డిసెంబరు చివరలో సూర్యోదయం ఆరూ నలుబదికి గాని కాదు కనుక ముందొక దీపం, వెనుకొక ఎర్రదీపం ఉండి తీరవలెను. ఒకప్పుడు డైనమో దీపం లేకుంటే పోలీసువారు చక్రాలలో గాలి తీసి పంపేవారు. ఇప్పుడు వారికి తీరిక లేదు, మన మీద మనమే ఆ దయ చూపుకోవలెను. గోల్కొండ కోట గోడ ఎడమనో కుడినో కనబడుతూ ఉండగా లంగర్‌హౌజ్ చేరుతాము. దాపుననే మూసీ, ఈసీ కలిసే సంగమం. 1948 ఫిబ్రవరిలో గాంధీజీ చితాభస్మాన్ని నిమజ్జనం చేసిన బాపూఘాట్ అదే. మూసీ దాటేటప్పుడు ముక్కు మూసుకోవలసి వస్తుంది, ఈ మాట దాచుట మర్యాద కాదు. కాని అదే నది మీద కొంగలు వందలుగా వ్రాలి ఉండుట కూడా నిజమే. హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తినారని వినిన దినాన ఈ దారి పట్టరాదు.

అక్కడినుండి హైదర్‌గూడ, అత్తాపూర్. ఇక్కడ దారి పొడుగునా 2009లో తెరిచిన పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్ మార్గపు స్తంభాలు తోడు వస్తాయి. ఇక్కడివారు ఇల్లు చెప్పవలసి వస్తే వీధి పేరు చెప్పరు, స్తంభం సంఖ్య చెప్తారు. మేమూ మా అలసటను అదే సంఖ్యలతో కొలుచుకొంటాము. పైన కార్లు విమానాశ్రయానికి పరుగెడుతుంటే, క్రింద పాలవారు, పత్రికలు వేసే కుర్రవాళ్ళు, మేస్త్రీ పనికి పోయే కూలీలు సైకిళ్ళ మీద పోతుంటారు. ఈ కూలీలను చూసిననాడే మాకు కొంత సిగ్గు కలిగినది. మేము ఆరోగ్యం కోసమని ఇంత ఆలోచించి, లెక్కలు కట్టి చేస్తున్న పనిని వారు ఏ లెక్కా లేక ప్రతిదినం, రెండు పూటలా, టిఫిన్ డబ్బా కట్టుకొని చేస్తున్నారు.

ఆరాంఘర్ కూడలి ఈ దారిలో గడ్డుచోటు. నాలుగు దిక్కుల లారీలు, ఆర్టీసీ బస్సులు అక్కడే కలుస్తాయి. అక్కడ దిగి నడిపించుకొని దాటుటలో పరువు నష్టమేమీ లేదు. 2025 జనవరిలో అక్కడినుండి జంతుశాల దాకా సుమారు 4 కిలోమీటర్ల పై వంతెన ప్రారంభమైనది. పెద్ద బండ్లు చాలావరకు పైకి పోయినవి, క్రింది దారి మాబోటివారికి కొంత ఊపిరి తీసుకొననిస్తున్నది. వంతెన కట్టినవారు సైకిలు వారిని తలచుకొని కట్టినారని మేమనుకోము, అయినా మేలు మేలే.

బహదూర్‌పురా దగ్గరకు వచ్చేసరికి మీర్ ఆలం చెరువు. పందొమ్మిదవ శతాబ్దపు తొలి సంవత్సరాలలో కట్టిన ఈ చెరువు కట్ట తిన్నని గోడ కాదు. ఇరవైయొక్క కమానులను వరుసగా పండుకోబెట్టినట్లు కట్టినారు. నీటి ఒత్తిడిని ఒక్కొక్క కమాను తన ప్రక్కనున్న దిమ్మెలకు అందిస్తుంది. పురాతనమైన ఈ నిర్మాణ కౌశలాన్ని చూడటానికి ఎక్కడెక్కడివారో వస్తారు. దీనికి ఇంత దగ్గరలో పాఠాలు చెప్తూ, మాలో ఒకరు పందొమ్మిదేండ్లలో ఒక్కసారైనా దీనిని నిలబడి చూడలేదు. మోటారు సైకిలు మీద పోయేవాడికి చెరువు కనబడదు, ముందు బండి వెనుక దీపం కనబడుతుంది. ఇక్కడ పది నిమిషాలు ఆగుతాము. 1963లో ప్రారంభమైన జంతుశాల గోడ అవతలినుండి ఒక్కొక్క ఉదయం సింహగర్జన వినవస్తుంది. ఆ తరువాత హుసేనీ ఆలం మీదుగా చార్మినార్, ఒక ఇరానీ చాయ్, కళాశాల గేటు. గడియారం చూస్తే పావుతక్కువ ఎనిమిది. తొలి గంట మ్రోగుటకు ఇంకా గంటా నలుబదియైదు నిమిషాలున్నవి. కళాశాలలో అంత ప్రశాంతమైన వేళ మరొకటి లేదు. దిద్దవలసిన పత్రాలన్నీ అప్పుడే దిద్దుతాము.

ఈ దీర్ఘమార్గం సాయంత్రం పెట్టుకోవచ్చును గదా అని కొందరు మిత్రులు అడిగినారు. మేమూ మొదటి నెల అట్లే చేసినాము. అది తప్పు. సాయంత్రం ఆరింటికి అత్తాపూర్ దారిలో సైకిలు తొక్కేవాడు వ్యాయామం చేయుట లేదు, పొగ త్రాగుతున్నాడు. పైగా దినమంతా నిలబడి పాఠం చెప్పిన కాళ్ళు, ఇంటి ధ్యాసలో ఉన్న మనస్సు, కమ్ముకొంటున్న చీకటి. ఆ నెలలోనే మాలో ఒకరు ఎదురుగా తప్పుదారిన వచ్చిన నీటి ట్యాంకరును తప్పించుకోబోయి పడినారు. మణికట్టు విరిగి ఆరు వారాలు నల్లబల్ల మీద వ్రాయలేకపోయినారు. అప్పటినుండి మా నియమం ఒకటే. ఉదయం చుట్టుదారి, సాయంత్రం దగ్గరి దారి. ఓపిక లేని సాయంత్రం సైకిలును కళాశాలలోనే వదలి బస్సులో ఇంటికి పోవుట, మరునాడు బస్సులో వచ్చి సాయంత్రం సైకిలు మీద పోవుట. రంజాన్ నెలలో ఉపవాసం ఉండేవారు చుట్టుదారి విడిచిపెడతారు. ఏప్రిల్, మే నెలలలో అరగంట ముందే బయలుదేరుతాము.

సామగ్రి గురించి ఎక్కువ చెప్పవలసినది లేదు. మాలో ముగ్గురివి గేర్లు లేని పాత సైకిళ్ళే. గేర్ల సైకిలు కొన్న నాలుగవవారు మాకన్న ముందు చేరిన దినం లేదు. టైర్లలో గాలి, బ్రేకు కట్టెలు, గొలుసుకు నూనె, ఈ మూడూ సరిగా ఉంటే చాలు. ఉదయం ఆరింటికి పంచరు దుకాణాలు తెరవవు గనుక ప్యాచులు, సొల్యూషన్ ట్యూబు, చిన్న పంపు సంచిలో ఉండవలెను. సోమవారం నాడే వారానికి సరిపడు ఇస్త్రీ బట్టలు బీరువాలో పెట్టుకొంటాము. తడి తువ్వాలుతో ఒళ్ళు తుడుచుకొని బట్టలు మార్చుకొంటే తరగతిలో ఎవరికీ ఇబ్బంది ఉండదు.

మొదటి దినం గేటు వద్ద కాపలాదారు ఆదుర్దాగా ఎదురు వచ్చినాడు. "సార్, బండి ఖరాబైందా?" అన్నాడు. లేదన్నాము. రెండవ దినం కూడా చూసి, గొంతు తగ్గించి, "జీతాలు ఆపినారా సార్?" అన్నాడు. నవ్వుకొన్నాము గాని ఆ ప్రశ్నలో ఒక కాలం మారిన చరిత్ర ఉన్నది. మా గురువుల తరంలో ఆచార్యులు సైకిళ్ళ మీదనే వచ్చేవారు. గేటు ప్రక్కన రేకుల షెడ్డు ఉండేది. అటెండరు ఇత్తడి బిళ్ళ ఇచ్చి సైకిలు తీసుకొనేవాడు. ఆ షెడ్డు ఇప్పుడు కూడా ఉన్నది, అందులో మోటారు సైకిళ్ళున్నవి. దాని ముందున్న ఆవరణలో కార్లున్నవి. మా నాలుగు సైకిళ్ళను మేము గ్రంథాలయం వెనుక వరండాలో పెట్టుకొంటున్నాము. సిబ్బందిమి గనుక ఎవరూ కాదనలేదు.

ఇంతదాకా మా కథ. ఈ వ్యాసం వ్రాయుటకు అసలు కారణం వేరు.

బి.ఏ. రెండవ సంవత్సరం విద్యార్థి ఒకడు కాటేదాన్ అవతలి బస్తీనుండి సైకిలు మీద వచ్చేవాడు. రాకపోకలు కలిపి దినానికి 20 కిలోమీటర్లకు తక్కువ ఉండదు. ఆరాంఘర్ వద్ద మాకు తారసపడి, "సార్, మీరు రోజూ వస్తున్నారా?" అని ఆశ్చర్యపోయినాడు. అప్పటినుండి అక్కడినుంచి మాతోనే వచ్చేవాడు. మేము చెరువు వద్ద ఆగితే అతడూ ఆగేవాడు. అతనికి ఇది వ్యాయామం కాదు. రెండు బస్సులు మారి రావుటకు వేళ సరిపోదు, ఉదయం ఇంటి పని చేసి రావలెను. గేటు లోపల విద్యార్థుల సైకిళ్ళకు చోటు లేదు గనుక అతడు తన సైకిలును బయట గోడకు ఆనించి తాళం వేసేవాడు. నవంబరులో ఒక మధ్యాహ్నం తాళం విరిచి ఎవరో దానిని పట్టుకొనిపోయినారు.

ఆ తరువాత మూడు వారాలు అతడు కళాశాలకు రాలేదు. హాజరు తగ్గినదని నోటీసు పలకకు ఎక్కిన పేర్లలో అతని పేరున్నది. పరీక్షకు అనుమతి ఉండదేమోనన్న పరిస్థితి వచ్చినది. కారణం విచారించినవారు లేరు. మేము కూడా మొదటి వారం విచారించలేదు. జ్వరమనుకొన్నాము. ఈ మాట వ్రాయుటకు మాకు కష్టంగా ఉన్నది. రెండు దినాలు ప్రక్క ప్రక్కన తొక్కి, ఒకే చెరువు కట్ట వద్ద ఆగినవారమే, మా సైకిళ్ళు వరండా నీడలో ఉండగా అతని సైకిలు ఎక్కడ ఉంటున్నదో ఒక్కనాడూ అడగలేదు.

2023 అక్టోబరులో మన నగరపు బాహ్య వలయ రహదారి వెంట 23 కిలోమీటర్ల సైకిలు మార్గాన్ని తెరిచినారు. పైన సౌర ఫలకాల కప్పు, రాత్రి దీపాలు. మేము ఒకసారి వెళ్ళి చూసినాము. నిజంగా చక్కని పని. ఎండా వానా తగలవు, లారీ భయం లేదు. కాని అక్కడికి అనేకులు తమ సైకిళ్ళను కార్ల మీద కట్టుకొని వస్తున్నారు. తొక్కి, మరల కారుకు కట్టుకొని పోతున్నారు. ఆ మార్గం మీద కాటేదాన్ కుర్రవాడికి పనిలేదు, అది అతని కళాశాలకు రాదు. సైకిలు తొక్కుటకు ప్రత్యేకమైన చోటు కల్పించుటలో తప్పు లేదు గాని, తొక్కుతూ పోయి చేరవలసిన చోట దానిని నిలుపుటకు తావు లేకపోతే ఉద్యోగికైనా విద్యార్థికైనా ఆ వాహనం పనికిరాకుండా పోతుంది. మేము ముందు చెప్పిన లెక్కలు, నలుబది నిమిషాల బేరం, బస్సూ సైకిలూ మార్చుకొనే ఏర్పాటు, ఇవన్నీ ఒక తాళం వేసే తావు మీదనే ఆధారపడి ఉన్నవి. మాకు వరండా ఉన్నది గనుక అవి సాగినవి. విద్యార్థినుల మాట చెప్పనే అక్కరలేదు. గేటు బయట గోడ వద్ద సైకిలు నిలిపి రమ్మని ఏ తల్లిదండ్రులు పంపగలరు?

ఒక కారు నిలిచే చోట ఏడెనిమిది సైకిళ్ళు నిలుస్తాయి. ఈ సంగతి మేము సున్నపు గీతలు గీసి, మా సైకిళ్ళు పెట్టి కొలిచి చూసినాము. క్యాంటీను వెనుక విరిగిన బల్లలు వేసిన చోటు ఒకటున్నది. బల్లలు తీయించి, ఒక ఇనుప కడ్డీ పాతి, పైన రేకు వేయిస్తే ముప్పై సైకిళ్ళకు సరిపోతుంది. ప్రక్కనే కుళాయి కూడా ఉన్నది. దూరంనుండి తొక్కుకొని వచ్చినవారు ముఖం కడుగుకోవచ్చును. ఈ విషయమై యాజమాన్యం వారికి డిసెంబరులో విజ్ఞప్తి సమర్పించినాము. పరిశీలనలో ఉన్నదని జవాబు వచ్చినది. బల్లల వేలానికి అనుమతి రావలెనట. మోటారు వాహనాల షెడ్డులో ఒక మూలనైనా అప్పటిదాకా విద్యార్థులకు కేటాయించమని రెండవసారి వ్రాసినాము. దానికి జవాబు రావలసి ఉన్నది.

ఆ విద్యార్థి జనవరిలో తిరిగి వచ్చినాడు. మేనమామ ఇచ్చిన సొమ్ముతో జుమ్మెరాత్ బజారులో ఒక పాత సైకిలు కొన్నాడు. వెనుక చక్రం కొంచెం వంకర. హాజరు విషయంలో వివరణ వ్రాసి ఇప్పించినాము, పరీక్షకు అనుమతి దొరికినది. అతని సైకిలు ఇప్పుడు మా నాలుగింటి ప్రక్కన, గ్రంథాలయం వెనుక వరండాలో ఐదవదిగా ఉంటున్నది. చూసి మరి ఇద్దరు విద్యార్థులు అడిగినారు. వరండాలో ఇంకా మూడింటికి చోటున్నది. తాళం చెవి గ్రంథాలయం బల్ల మీద ఉంటుంది, కావలసినవారు ఎనిమిది గంటలనుండి అడిగి తీసుకోవచ్చును.